నల్లతెరకు పసుపు రాసిన రోజు

ఒకే ఒక్క మాట టైపు చేసి ఒక పెద్దావిడను నేల మీద కూలబడేలా చేశాను, మా యజమానిని కోటైనా లేకుండా చలిగదిలోకి పరుగెత్తించాను. నవ్వండి, పర్వాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం ఆర్మూరు వదిలి పారిపోదామనుకున్నాను.

అది నా మొదటి ఉద్యోగం. రైతులు పసుపు బస్తాలు దాచుకునే కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. రైతు పేరు టైపు చేసి అడిగితే బస్తాలు ఏ గదిలో ఉన్నాయో, ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు బయటికి వెళ్లాయో డేటాబేస్ నుంచి తెచ్చి చూపే నల్లతెర ఒకటి నా ముందు ఉండేది. పాపం, దీపం పెట్టని ఇల్లులా ఉండేది. నాకేమో పెళ్లికూతురిని అలంకరించేంత ఉత్సాహం! సెట్టింగుల్లో దూరి అక్షరాలకు పసుపు రంగు వేశాను. ప్రశ్న టైపు చేసే చోట "చెప్పు లావణ్యా" అని నా పేరే పలికేలా పెట్టుకున్నాను. వివరం నింపని గడిలో "నల్" అని ఏదో ఇంగ్లీషు మాట కనిపించేది. దాన్ని తీసేసి, అందరికీ అర్థమయ్యేలా "ఖాళీ" అని పెట్టాను.

చూసుకుని మురిసిపోతుండగా ఆలూరు రాజవ్వ వచ్చింది. తన బస్తాలు ఏ గదిలో ఉన్నాయో చూడమంది. పేరు కొట్టాను. మా కంప్యూటర్‌కు తొందర తెలియదు కదా, అది జవాబు చెప్పేలోగా టిఫిన్ డబ్బా కడుక్కొద్దామని నల్లా దగ్గరికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి రాజవ్వ తల పట్టుకుని నేల మీద ఉంది.

"ఏమైంది అవ్వా?"

"నా పసుపు ఖాళీ అయిందట బిడ్డా! కంప్యూటర్ల సూసి సారే చెప్పిండు. మనుమరాలి నర్సు చదువు గా పసుపు మీదనే ఉన్నదే!"

మీరైతే వెంటనే తెర వైపు చూసేవారు. నేను చూడలేదు. అవ్వకంటే గట్టిగా "అయ్యో!" అని అరిచి చలిగదిలోకి పరుగెత్తాను. అక్కడ మా యజమాని గంగాధర్ సారు హమాలీల మీద కేకలేస్తున్నారు.

"దొంగలు పడ్డరా? ఎలుకలు మింగినయా? జర చెప్పుండ్రి!"

"నేను గా మూలకు సూస్త సార్!" అంటూ బస్తాల మీద బల్లిలా పాకాను. ఉన్నాయి! రాజవ్వ పేరుతో, నిండు గర్భిణుల్లా కుదురుగా కూర్చుని ఉన్నాయి.

"దొరికినయి సార్! అన్నీ ఉన్నయి!"

"మరి నీ కంప్యూటర్ల ఖాళీ అని ఎందుకున్నదమ్మా?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం.

"సార్... గా గడి, బస్తాలు బయటికి పోయిన తారీఖుది. ఇవి పోనేలేదు గదా, అందుకే తారీఖు లేదు. గడి ఖాళీ. గా మాట నేనే పెట్టిన సార్... మంచిగ కనవడుతదని."

సారు తిట్టడానికి నోరు తెరిచారు గానీ, ఆ చలికి మాటకంటే ముందు ఆవిరే బయటికొచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. ఇంతలో రాజవ్వ కుంటుకుంటూ లోపలికొచ్చింది. తన బస్తాలను ఒక్కొక్కటీ తడిమి చూసుకుని, అదే చేత్తో కొంగు అందుకుని నా ముఖం తుడిచింది.

"ఊకో బిడ్డా. నా పసుపు నాకున్నది. ఇంకేం ఫికర్? సారూ, పిల్లనేమనకు, మస్తు బుగులు వడ్డది."

"ఇప్పుడే తీసేస్త అవ్వా గా మాట," అన్నాను వెక్కుతూ.

"తీసేద్దువు గని జర ఆగు." రాజవ్వ నా చెవి దగ్గరికి వంగింది. "ముందుగాల నా మోకాళ్ల నొప్పుల కాడ గూడ ఖాళీ అని కొట్టు. పోతయేమో సూద్దం!"

సారు నవ్వారు. హమాలీలు నవ్వారు. ముక్కు చీదుకుంటూ నేనూ నవ్వాను.

ఆ చలిగదిలోనే, పసుపు బస్తాల సాక్షిగా ప్రమాణం చేశాను: ఏ కంప్యూటర్ ఏ ముఖంతో పుట్టిందో, దాన్ని ఆ ముఖంతోనే బతకనిస్తాను. మరీ రంగులు వేయాలనిపిస్తే నా గోళ్లకు వేసుకుంటాను.