నేను రాయని ఉత్తరం కింద నా పేరు

తరిగొప్పుల బడిలో ఏడో తరగతి దాకా చదివినవాడిని నేను. అయినా మా పాలకేంద్రానికి ముప్పై ఒక్కేళ్లుగా కార్యదర్శిని. పదకొండు మందితో మొదలుపెట్టి రెండు వందల ఆరుగురిని చేర్చాను. జనగామలో రెండుసార్లు శాలువా కప్పారు. రాంచందర్ సంతకం ఉన్న కాగితాన్ని ఇంతవరకు ఎవరూ తప్పుపట్టలేదు. గొప్పలే ఇవి. పని చేశాను కనుక చెప్పుకుంటున్నాను.

నిరుడు పై ఆఫీసు వాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఎవరైనా పది రోజులు పాలు పోయకపోతే అది పసిగడుతుంది, ఏఐ చేత ఉత్తరం రాయిస్తుంది. ఆ ఉత్తరం నా ఫోన్‌కు వస్తుంది. సాయంత్రం ఐదింటిలోగా నేను ఆపకపోతే నా పేరుతోనే వెళ్లిపోతుంది.

ఒకరోజు తండా నుంచి పాలు పోసే ద్వాళి మీద ఉత్తరం వచ్చింది. "మీరు బయట పాలు అమ్ముతున్నట్లు గుర్తించాం. మీ సభ్యత్వం రద్దు చేస్తున్నాం." ఒక్క అక్షరం తప్పు లేదు. అంతా అబద్ధమే.

ద్వాళికి రెండు బర్రెలు. ఒకటి ఈనింది. జున్ను వండి తండా అంతా పంచేదాకా రెండో బర్రె పాలు కూడా గడప దాటనివ్వరు వాళ్లింట్లో. ఇంటింటికీ తిరిగి సభ్యులను చేర్చినవాణ్ని, నాకు తెలియదా?

ద్వాళికి కబురంపితే కేంద్రానికి వచ్చింది. పరికరాలు చూడడానికి వచ్చిన సూపర్‌వైజర్ శృతి కూడా అక్కడే ఉంది.

"దీన్ని ఆపుడెట్ల బిడ్డా?" అని అడిగాను.

"కారణం ఒత్తాలె తాతా. మూడే ఉన్నయి. బర్రె చచ్చింది, అమ్మేసిన్రు, ఊరిడిసి పోయిన్రు."

"ఈనింది అని లేదా?"

"లేదు. చచ్చిందని ఒత్తు, ఆగుతది."

ద్వాళి గయ్యిమని లేచింది. "మొన్నమొన్న ఈనిన బర్రెను గప్పుడే సంపుతవా బిడ్డా?"

"ఫోన్లనే అక్కా!"

"ఫోన్లనైనా నా బర్రెనే గద!"

నాకు నవ్వొచ్చింది కానీ వేలు కదపలేదు. "ముప్పై ఒక్కేండ్లల్ల అబద్ధం రాయలే. గిప్పుడు మిషన్ కోసం రాస్తనా? పైకి ఫోన్ కలుపు."

పై ఆఫీసు మేనేజర్ వీరేందర్ ఫోన్‌లో విసుక్కున్నాడు. "ఒక్క మనిషి కోసం సిస్టం మార్చాల్నా పెద్దాయనా?"

"మార్చకుంటే నా పేరు తీసెయ్యి సారు. అది రాసిన ఉత్తరం కింద దాని పేరే పెట్టు."

"దాని పేరు పెడితే ఊర్ల ఎవరు నమ్ముతరు?"

"గదే నేను చెప్పేది."

"సరే, మారుస్త తియ్యి," అని వీరేందర్ ఫోన్ పెట్టేశాడు. నాలుగూ నలభైకి ఉత్తరం రద్దయింది. ఇప్పుడు మా కేంద్రంలో నేను సరేనంటేనే ఉత్తరం కదులుతుంది. వారానికి మూడో నాలుగో వస్తాయి. బాగున్నవి పంపుతాను, మిగతావి కొట్టేసి నా చేత్తో రాస్తాను.

ద్వాళికీ ఒకటి రాశాను. "బర్రె ఈనినందుకు సంతోషం. జున్ను అయిపోయినాక పాలు తీసుకురా. నీ సభ్యత్వం ఎక్కడికీ పోలేదు." కింద రాంచందర్ అని సంతకం పెట్టాను.