విరిగిన నీళ్ళు

నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వెయ్యండి. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. ఇది నేను చెవులారా విన్నది... అబద్ధమాడి నేను కట్టుకుపోయేదేముంది?

మా తమ్ముడు ప్రసాదు మంగళగిరిలో ఆటో తోలేవాడు. గొంతులో క్యాన్సర్. విజయవాడ ఆసుపత్రిలో రోజూ కరెంటు పెట్టేవాళ్ళు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. మెడ మీద రంగుతో గీతలు గీసి, నీళ్ళు తగలనివ్వకండి అనేసి వెళ్ళిపోయాడు అక్కడి మనిషి. ఎక్కడ తగలకూడదో చెప్పే తీరిక మహానుభావుడికి లేదు. మా అమ్మకు ఆ ముక్క చాలు. కరెంటుకూ నీళ్ళకూ పడదు కదా... తాగడానికి కూడా చెంచాకు మించి పోయనిచ్చేది కాదు.

వాడి నోరు ఎండి పిడచకట్టుకుపోయింది. మాట పడిపోయి చాలా రోజులైంది. అన్నీ సైగలే. ఆ సాయంత్రం నర్సును అడిగితే తల బాదుకుంది. గీతలు తడవకూడదంతే, తాగినన్ని పట్టమంది. తాగకపోతే మనిషి నిలవడంది. అమ్మకు చెబితే, "ఆవిడకేం పోయింది? ఆవిడ కొడుకా?" అంది.

రాత్రి ఆసుపత్రి దగ్గర తీసుకున్న అద్దె గదిలో అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని వాడి పక్కన కూర్చున్నాను. అప్పుడే పవర్ పోయింది. ఫ్యాను ఆగింది. నిశ్శబ్దం...

చిట్... చిట్...

గ్లాసులోంచి. కాలిన పెనం మీద చుక్క పడ్డట్టు. వేలు పెట్టి చూశాను. చల్లటి నీళ్ళే. వాడు గ్లాసు లాక్కుని చెవికి ఆనించుకున్నాడు. విన్నాడు... చాలాసేపు విన్నాడు. తర్వాత మాట్లాడాడు. జబ్బుకు ముందున్న గొంతు. ఆటో స్టాండులో కేకేసే ఆ గొంతే.

"విరిగిపోయాయక్కా. వద్దు... కొరుకుతాయి."

పాలు విరుగుతాయి గానీ నీళ్ళు విరగడమేమిటి? ఎంత బతిమాలినా మళ్ళీ పెదవి విప్పలేదు.

తెల్లారి మిషన్ దగ్గర కరెంటు మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్టు అమ్మాయిని అడిగాను, ఈ కరెంటు లోపల ఏం చేస్తుందని. రాత్రి సంగతి చెప్పలేదు.

"ఒంట్లో ఎక్కువ నీళ్ళే కదండీ. కిరణం తగిలితే ముందు అవే విరుగుతాయి. ఆ ముక్కలు పోయి డీఎన్ఏ పోగుల్ని కొరుకుతాయి. అలా చస్తుందండీ క్యాన్సర్. పక్కనున్న మంచి కణాలకూ దెబ్బే."

విరగడం... కొరకడం... అవే మాటలు. వాడికెవరు చెప్పారు?

నెల తిరక్కుండానే పోయాడు. ఆఖరిదాకా గ్లాసు చూస్తే మొహం తిప్పుకునేవాడు. దాహంతో పోయాడు నా తమ్ముడు.

మొన్న సంవత్సరీకానికి ఫోటో ముందు గ్లాసుతో నీళ్ళు పెట్టబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దే. విరుగుతాయి."

ఆ రాత్రి మాట నేను అమ్మకు ఎన్నడూ చెప్పలేదు. మరి అప్పుడు మెలకువగానే ఉందా? అంతా వింటూ గోడవైపే తిరిగి పడుకుందా? లేక అమ్మకూ ఆ నీళ్ళే చెప్పాయా...

అడగలేదు. ఏం చెబుతుందోనని భయం.