ముద్దనూరు బస్సు, మంగళవారం

మా డ్రాయింగు సారు పోయినారని మొన్న శుక్రవారం పొద్దున వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "నాయన లేడక్కా. సంగటి తిని మంచం మీద కూచున్నాడు. నీళ్లు తెచ్చేలోపల తల వాల్చేసినాడు" అంది. ఆ తర్వాత నేను అడిగిన మొదటి మాట తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. "నిన్న ఏమన్నా గీసినాడా?" అన్నాను. "ల్యాక్కా. ఆరు నెల్లాయె పెన్సిలు ముట్టి" అంది.

పెన్సిలు ముట్టకుండా నోట్లో ముద్ద పెట్టని మనిషి ఆయన. అలాంటివాడు ఆరు నెలలు ఎందుకు మానేశాడో, ఆయన్ని మట్టిలో పెట్టిన రోజు గానీ నాకు పూర్తిగా తెలియలేదు.

నేను పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చేసరికి సారు మా పక్కింట్లో ఉండేవారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. జమ్మలమడుగు దగ్గర పల్లెనుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, తాతల కాలంనుంచీ పంతుళ్లే. కొత్తకోడలిగా నేను చేసిన మొదటి ఘనకార్యం వంటింటి గోడమీద బొగ్గుతో కోడిపుంజును గీయడం. మా అత్త తిట్టిన తిట్లు గోడ అవతలికి వినపడ్డాయి. సాయంత్రం సారు వచ్చి ఆ కోడిని చాలాసేపు చూశారు. "కాళ్లు తప్పుపోయినాయి గానీ పొగరు కుదిరింది. రేపట్నుంచి ఈ పాపను మా ఇంటికి పంపించమ్మా" అని మా అత్తను అడిగారు. వారపత్రికల్లో కథలకు నేను వేసే బొమ్మలు మీలో ఎవరైనా చూసి ఉంటే, వాటికి మొదలు ఆ కోడిపుంజే.

ఆయన సాధనంతా బస్టాండులో. తెల్లవారి ఆరుకల్లా టీ అంగడి ఎదురు బెంచీమీద కూర్చుంటే బడివేళ దాకా లేచేవారు కాదు. ఒక పొడుగు నోటుబుక్కు, చెక్కీ చెక్కీ వేలెడంత మిగిలిన పెన్సిలు. రబ్బరు మాత్రం ఉండేది కాదు. "తప్పు గీత అట్లే ఉండనీ. రేపు చూసి సిగ్గుపడతావు. ఆ సిగ్గే నీకు సారు" అనేవారు. బొమ్మకు ప్రేరణ ఎక్కడినుంచి వస్తుందని ఒకసారి నేను పెద్ద ప్రశ్న వేశాను. "పులివెందులనుంచి ఆరున్నరకు వస్తాది, చూస్తాండు" అన్నారు. నిజంగానే ఆరున్నరకు బస్సు వచ్చింది. శనక్కాయ మూటలవాళ్లు, కోర్టు వాయిదాకు వచ్చినవాళ్లు, బంగారు అంగళ్లకు వచ్చిన పెళ్లివాళ్లు దిగారు. బస్సు తిరిగి కదిలేలోపల నాలుగు ముఖాలు నోటుబుక్కులోకి వచ్చేశాయి.

ప్రతి ముఖం కిందా ఏ బస్సో, ఏ వారమో రాసుకునేవారు. లింగాల బస్సు, శుక్రవారం. అంతే. పేరు అడిగేవారు కాదు. "పేరు అడిగితే మొగం బిగుసుకుంటాది పాపా" అనేవారు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఎన్నికలొస్తే రెండు పార్టీలవాళ్లూ తమ నాయకుడి ముఖాన్ని గోడకెక్కించమని వచ్చేవారు. "నాకు కదిలే మొగాలే వస్తాయప్పా, గోడమీదవి రావు" అని సారు తప్పించుకునేవారు. తప్పించుకోలేని పని ఇంకొకటి ఉండేది. ఆ కొట్లాటల్లో చచ్చిపోయిన చాలామందికి ఇంట్లో ఒక్క ఫోటో ఉండేది కాదు. పెద్దదినం నాడు దండ వేసి టెంకాయ కొట్టాలంటే ముఖం కావాలి కదా. బస్టాండు సారు దగ్గర అందరి ముఖాలూ ఉంటాయట అని పల్లెలకు పాకింది. ఇంటివాళ్లు వచ్చి, నోటుబుక్కులు ముందేసుకుని, తమవాడు ఉన్నాడేమోనని తిరగేసేవారు. దొరికితే సారు ఆ పేజీ చించి ఇచ్చేవారు. ఏ ఊరని, ఏ పార్టీ అని ఎవరినీ అడగలేదు.

ఒక ఆదివారం, చర్చినుంచి వచ్చిన కాసేపటికి, ఇద్దరు మగవాళ్లు వచ్చారు. నేను అక్కడే బొమ్మ వేసుకుంటున్నాను.

"మా చిన్నాయన పోయినాడు సార్. ఫోటో ల్యా. ఎడమ చెవి తమ్మె చీలింటాది, మొగానికి తువ్వాలు చుట్టుకుంటాండె" అన్నాడు పెద్దవాడు.

సారుకు వెంటనే గుర్తొచ్చింది. ఆ మనిషి తువ్వాలు విప్పేవాడు కాదు. టీ తాగడానికి దించినంత సేపట్లో సారు పట్టేశారు. ఆ పేజీ అంటే ఆయనకు గర్వం. "గ్లాసు ఖాళీ అయ్యేలోపల పట్టినా పాపా" అని నాకే నాలుగుసార్లు చూపించారు. అది ఎక్కడుందో నాకు తెలుసు గనక నేనే వెతికి తీసి ఇచ్చాను. చిన్నవాడు దాన్ని కళ్లకద్దుకుని ఏడ్చాడు. ఇద్దరూ సారుకు దండం పెట్టి వెళ్లారు.

ఆ మనిషి అప్పటికి బతికే ఉన్నాడు. ఊరొదిలి ప్రొద్దుటూరులో దాక్కుని ఉన్నాడు. వచ్చినవాళ్లు ఆయన కోసం వెతుకుతున్న పగవాళ్లు. వాళ్లకు కావలసింది ముఖం కాదు, దాని కింద రాసి ఉన్న మాటలు. ముద్దనూరు బస్సు, మంగళవారం. రెండు రోజుల తర్వాత ఆ బస్సును దారిలో ఆపి, ఆయన్ని కిందికి దించి నరికేశారు.

పది రోజులకు ఆయన భార్య వచ్చింది. మాకంటే ముందు తనే మాట్లాడింది. "మా ఇంటాయన మొగం మీ దగ్గర ఉంటాదన్నారు సారూ. దాక్కున్నోడికి ఫోటో యాడిది? వారానికొకసారి, మంగళవారం బస్సుకు, నన్ను చూసిపోను వస్తాండె, అంతే. ఎడమ చెవి తమ్మె చీలింటాది."

సారు జరిగింది జరిగినట్టు చెప్పారు. నా పేరు ఎత్తలేదు. "నేనే చించిచ్చినా తల్లీ" అన్నారు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "వాళ్లకిస్తివి. నాకేమిస్తావు?" అంది.

సారు అప్పటికప్పుడు నేలమీద కూర్చుని జ్ఞాపకంనుంచి గీశారు. ఆమె చూసి, "ఈయన కాదు" అని లేచి వెళ్లింది.

ఆ తర్వాత సారు బస్టాండు బెంచీమీద కూర్చోలేదు. తెల్లవారి ఆరుకు ఇంట్లోనే కూర్చుని రోజూ ఆ ఒక్క ముఖమే గీసేవారు. ఏటా భర్త పోయిన దినానికి ఆమె వచ్చేది. సారు ఆ ఏడాది బొమ్మల్లో మంచివి ఏరి ముందు పరిచేవారు. ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని శ్రద్ధగా చూసేది. "చెవి ఔను. ముక్కు కాదు" అనేది. ఇంకో ఏడాది "కండ్లు ఇట్లుండవు" అనేది. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే, "ఈయన కాదు సారూ." మంచినీళ్లు తాగి బస్సుకు పోయేది.

ఫ్యాక్షన్ తగ్గింది. నరికినవాళ్లు, నరికించినవాళ్లు కొందరు పార్టీలు మారి ఒకే కండువా కప్పుకున్నారు. సారు మాత్రం గీస్తూనే ఉన్నారు. నాకు కోపం వచ్చేది. "చేతులు కాలినాక ఆకులు పట్టుకుని ఏం లాభం సార్? ఎన్నేండ్లు ఇది?" అని ఒకసారి గట్టిగానే అన్నాను. "చూసిన మొగం యాడికి పోతాది పాపా? చేతిలోనే ఉండాది. ఏదో ఒకనాడు బయటికొస్తాది" అన్నారు. నేను నమ్మలేదు. ఒక గ్లాసు టీ తాగినంత సేపు చూసిన ముఖం అది. కానీ నమ్మలేదని చెప్పే హక్కు నాకెక్కడిది?

ఆరు నెలల కిందట ఆమె మళ్లీ వచ్చింది. అప్పటికి సారు చేయి వణుకుతోంది, గీత వంకర్లు పోతోంది. ఆ ఏడాదికి చూపించగలిగింది ఒకే బొమ్మ. ఆమె దాన్ని చాలాసేపు చూసి, "ఔను సారూ. ఈయనే" అంది. మడత పడకుండా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. సారు ముఖం చూస్తే అందులో ఏమీ లేదు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి, "అది ఆయన కాదు పాపా. నాకు తెలుసు. పాపం, ఆయమ్మ మర్చిపోయింది. ఇంక తప్పో ఒప్పో చెప్పేటోళ్లు ఎవురూ ల్యారు" అన్నారు. లోపలికి వచ్చి పెన్సిలును నోటుబుక్కులో పెట్టి మూసేశారు. మళ్లీ తెరవలేదని మొన్న ఫోన్లో గానీ నాకు తెలియలేదు.

శనివారం సమాధుల దొడ్డికి ఆమె కూడా వచ్చింది. పెట్టె మూయకముందు, సంచిలోంచి ఆ బొమ్మ తీసి సారు చేతి కింద పెట్టింది.

"అది మీ ఇంటాయన బొమ్మ కదమ్మా?" అన్నాను.

"కాదు. కాదని ఆపొద్దే తెలుసు. సారు చేతులు వణుకుతాండె. ఎన్నేండ్లని కాదు కాదు అనేది? ఔనంటే నెమ్మదిగా ఉంటాడనుకుంటినమ్మా."

ఆ మాట సారు వినలేరు. ఆమె మర్చిపోలేదని ఆయనకు ఇప్పుడు ఎవరు చెప్పాలి? నాకు దుఃఖం ఆగలేదు. ఆమె చేయి పట్టుకుని, "గుర్తులు చెప్పమ్మా, నేను గీస్తా" అన్నాను. ఆ పేజీ వెతికి తీసి ఇచ్చింది నేనని చెప్పడానికి మాత్రం అప్పుడు కూడా నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. "ఏమని చెప్పేది? కండ్లు మూస్తే సారు గీసిన మొగాలే కనపడతాండాయి. ఏది చూసినా కాదని తెలుస్తాది. ఏది ఔనో తెలీదు" అంది.

ఆమెను బస్టాండుకు తీసుకుపోయాను. సారు కూర్చునే బెంచీ లేదు, అక్కడ ఆటోలు నిలబడి ఉన్నాయి. ముద్దనూరు బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, కొంగు నెత్తిమీదికి లాక్కుంది. డ్రైవరు టీ తాగి వచ్చేదాకా ఆ ముఖం కదలకుండా నా ఎదురుగానే ఉంది. నా సంచిలో నోటుబుక్కూ పెన్సిలూ ఉన్నాయి. గీస్తే కింద రాయాల్సింది ముద్దనూరు బస్సు, శనివారం అని. బస్సు వెళ్లిపోయేదాకా చేయి సంచి దగ్గరికి పోలేదు.