నేను దిద్దిన ఉత్తరం

నలభైల మొదట్లో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, గజపతినగరానికి రెండు కోసుల దూరంలో ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. మాది అరసవల్లి. అమ్మా నాన్నా పోయాక అక్కడ నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు, ఇక్కడ పలకరించేవాళ్ళూ లేరు. బడి వదలగానే పిల్లలు ఇళ్ళకు పరుగెత్తేవారు. నేను పక్క గదిలోకి వెళ్ళి ఒక్కడికే వండుకుని, ఒక్కణ్ణే తినేవాణ్ణి. మర్నాడు హాజరు పిలిచేదాకా నా గొంతు నాకే వినబడేది కాదు.

అన్నట్టు, నేను కథకుణ్ణి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. మద్రాసు పత్రికలకు పంపిన కథలన్నీ వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చేవి. వాటినిండా రాజకుమార్తెలు, ఉద్యానవనాలు, మాటిమాటికీ మూర్ఛపోయే నాయికలు. రాజకుమార్తెను నేనెక్కడ చూశాను, నా మొహం! విజయనగరం కోటగోడను బయటినుంచి చూశాను, అంతే. ఈసారి పంపింది కూడా తిరిగొస్తే ఇక కలం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

అదీ తిరిగొచ్చింది. నేను కవరు ముందేసుకుని కూర్చున్న ఆ సాయంత్రమే ఒక రైతు ఇంటి కోడలు కార్డుముక్క పట్టుకుని వచ్చింది, చంకలో ఏడాది పిల్ల. ఆమె మొగుడు కలకత్తా దగ్గర జూటుమిల్లులో పని. అంతకుముందు ఆమె ఉత్తరాలు పాత పంతులు రాసేవాడట. ఆయనకు బదిలీ అయ్యాక నా దగ్గరికి రావడం అదే మొదలు.

గడప అవతల కూర్చుని, "రాయి బాబూ. గేదె ఈనినాదని రాయి. సూరు కారతందని రాయి. పిల్లకి పళ్ళొచ్చినాయి, అందర్నీ కొరికేస్తందని రాయి" అంది.

నాకు ఒళ్ళు మండింది. సంపాదకుడికి అక్కర్లేని నా పాండిత్యం గేదె ఈనిందని రాయడానికా? "ప్రాణేశ్వరులగు తమ పాదపద్మములకు" అని ఎత్తుకున్నాను. వియోగభారమన్నాను, కన్నీటి కాలువలన్నాను. గేదె లేదు, చూరు లేదు, పిల్ల పళ్ళు అసలే లేవు.

"నాను సెప్పిందే రాసేవా బాబూ?" అని అడిగింది.

"రాశాను" అన్నాను. సిగ్గులేకుండా అబద్ధమాడాను.

మూడు వారాలకు జవాబొచ్చింది. చదివి పెట్టమని ఆమే తెచ్చింది. మొగుడికీ చదువు రాదు, మిల్లులో ఎవరిచేతో రాయించాడు. అందులో ఉన్నది ఇంతే: "ఈ ఉత్తరంలో మా ఇంటిది ఎక్కడా లేదు. కోర్టు కాయితంలాగుంది. మావోళ్ళు నా దగ్గర ఏటో దాస్తన్నారు. నిజం సెప్పండి, అది ఉన్నాదా, పోయినాదా? తిండి సయించడం లేదు."

పైకి చదివాను. ముందు ఆమె పకపకా నవ్వింది. ఆ వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నాను సచ్చిపోనానని తిండి మానేసినాడు బాబూ. ఏటి రాసేసేవు నువ్వు?"

తప్పయిపోయిందన్నాను. కొత్త కార్డు నేనే తీశాను. "ఈసారి నాతో చెప్పకు. అతను ఎదురుగా ఉన్నాడనుకుని అతనితోనే చెప్పు" అన్నాను.

ఆమె నన్ను మరిచిపోయి నా గది గోడకేసి చూస్తూ మొదలెట్టింది. "ఓలయ్యో, నాను సావలేదు. సస్తే మీ అమ్మని తిట్టేదెవరు? నిన్న సారులో ఉప్పెక్కువైందని ఈదంతా యినబడేటట్టు తిట్టినాది. నానూ తిట్టినాను. ఆనక ఇద్దరం ఆ సారే పోసుకుని తిన్నాం. నీ కూతురు నా బుజం కొరికేసినాది, పళ్ళు అచ్చం నీయే..."

అరగంటసేపు మాట్లాడింది. అదంతా కార్డుముక్కలో పడుతుందా? ఏది ఉంచాలో, ఏది వదలాలో నేను ఆలోచించుకోనేలేదు, చేతికే తెలిసిపోతోంది. చారు గొడవ ముందుండాలి. భుజం మీది గాటు చివర ఉండాలి, దాని తర్వాత ఇంకొక్క మాట కూడా ఉండకూడదు. నా మాట ఒక్కటీ కలపలేదు. చదివి వినిపిస్తే ఆమె నోరు తెరుచుకుని విన్నది. "అచ్చం నానే బాబూ!" అంది.

ఆమె వెళ్ళిపోయాక అర్థమైంది. మనిషి మాట వినడం, విన్నదాన్ని ఎక్కడ ఆపాలో తెలియడం: నా దగ్గర ఉన్నది ఇదన్నమాట. ఇన్నేళ్ళూ దాన్ని లెక్కచెయ్యక, నాకు రానిదాన్ని విద్య అనుకుని ఊరేగాను. వెర్రివెధవని.

ఆ తర్వాత నాలుగైదు నెలలు ఆమె వస్తూనే ఉంది. ఆమె వచ్చే రోజు కోసం కాచుకుని ఉండేవాణ్ణని ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుపడను. నాతో కాకపోయినా, నా గదిలో ఒక మనిషి మాట్లాడేది, అదే చాలు. కానీ నేను రాసిన కార్డులు మరీ బాగా పనిచేశాయి. మొగుడు ఉండబట్టలేక సెలవు పెట్టుకుని వచ్చి, తల్లిని తమ్ముడి దగ్గర ఉంచి, పెళ్ళాన్నీ పిల్లనీ కలకత్తా తీసుకుపోయాడు. బండెక్కేముందు ఆమె వచ్చి "ఎలొస్తాను బాబూ" అంది. తలూపాను.

ఆ గడప వంక చూడలేక ఒట్టు గట్టున పెట్టి కలం పట్టుకున్నాను. ఒక అత్తా, ఒక కోడలూ, ఒక చారు కుండా. రాస్తున్నంతసేపూ గదిలో మాటలు వినబడ్డాయి. ఆ కథ తిరిగి రాలేదు, అచ్చయింది. పత్రిక చేతికొచ్చిన రోజు ఊరంతా తిరిగాను. ఎవరికి చూపించను? చివరికి దాన్ని కలకత్తా మిల్లు చిరునామాకు పంపేశాను.

నెలరోజులకు నా పేరున కార్డొచ్చింది. తిరిగొచ్చిన కథలు కాక, ఆ ఊళ్ళో నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం అది.

"బాబూ, కత సదివించుకున్నాం. మిల్లులో మొగోళ్ళందరూ నవ్వినారు. అంతా నిజమే గాని, మా అత్త తిట్లు మరీ తగ్గించేసేవు. ఆమెకి బయపడ్డావేటి?"

నిజమే, భయపడ్డాను. ఆ పూటే కూర్చుని రెండో కథ మొదలుపెట్టాను.