తులసమ్మ పేలిక కట్టిన కొమ్మ

పోయిన నెల పేపర్లో ఒక వార్త చదివాను. చలికి మాడని కొత్త చామంతి వచ్చిందట. ఫోటోలో ఎనిమిది మంది మెడలో దండలతో నిలబడి ఉన్నారు. కింద "స్థానిక కూలీల సహకారంతో" అని ఒక ముక్క. ఆ స్థానిక కూలీలకు ఒక పేరుంది. తులసమ్మ. నా చెల్లెలు.

నా పేరు ఆదెప్ప. మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను. రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను. పుంగనూరు బస్సును మా ఊరి దాకా తిప్పించింది నేనే, నాలుగు బోర్లు వేయించింది నేనే. ఏ కాగితం మీద సంతకం పెట్టినా చదివే పెట్టాను. ఆ పేపరు వాళ్లు రాయని సంగతి కూడా నేనే రాస్తాను.

తులసమ్మ పదేళ్లప్పటి నుంచి పూలతోటల్లో పనిచేసింది. పెనిమిటి పోయాక ఆ కూలితోనూ, తన కొద్దిపాటి తోట పూలు పుంగనూరు మార్కెట్లో అమ్మిన డబ్బుతోనూ కూతురు ఇందును చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు కుప్పంలో జీతం తీసుకుంటోంది. మొక్క ఆకు చూసి వేరు సంగతి చెప్పే మనిషి మా పక్క ఊళ్లలో ఇంకొకరు లేరు.

కుప్పం నుంచి మాలతి మేడం అని పూల మీద పరిశోధన చేసే ఆమె వచ్చి, మా ఊరి బయట అరెకరా గుత్తకు తీసుకున్నారు. పుష్యమాసం చలికి మా చామంతులు అంచులు మాడి గోధుమరంగుకు తిరుగుతాయి. అలా మాడని చామంతి కావాలని ఆమె పట్టుదల. అందుకోసం చామంతి కొమ్మలను ఒక పెద్ద ప్రయోగశాలకు పంపి, రేడియేషన్ పెట్టించి, తెచ్చి నాటించారు. కిరణం తగిలితే మొక్క గుణం ఎక్కడో ఒకచోట మారుతుంది. ఎక్కడ, ఎలా అన్నది ఎవరి చేతిలోనూ లేదు. వెయ్యి మొక్కల్లో ఒకటి పనికొస్తే గొప్ప.

మా ఊళ్లో అవి కరెంటు పూలని, ముట్టుకుంటే రోగమని కూలికి ఎవరూ పోలేదు. నేను మేడంను అడిగి తెలుసుకుని, రచ్చబండ దగ్గర నిలబడి చెప్పాను. ఎండలో ఆరిన మిరపకాయలో ఎండ మిగులుతుందా, ఇదీ అంతే అన్నాను. నవ్వారు. తులసమ్మ ఒక్కతే పోయింది.

మొదటి చలికాలం సగం మొక్కలు చచ్చాయి, కొన్ని ముడుచుకుపోయాయి. పుష్యంలో నాలుగు రోజులు మంచు పట్టింది. తోటంతా మాడింది. ఒక్క మొక్కలో ఒక్క కొమ్మ మీద మాత్రం నాలుగు పూలు పచ్చగా నిలిచాయి. అదే మొక్క మిగతా కొమ్మలు మాడాయి. ఇక ఏమీ మిగల్లేదని తోట దున్నేయడానికి ట్రాక్టరు వచ్చింది. తులసమ్మ చీరకొంగు చింపి ఆ కొమ్మకు పేలిక కట్టి, మేడం వచ్చేదాకా ట్రాక్టరు ముందు కూర్చుంది.

మేడం మోకాళ్ల మీద కూర్చుని చూశారు. "మారింది ఈ కొమ్మ ఒక్కటే తులసమ్మా. మొదలు దగ్గర వేరు నుంచి లేచిన పిలక తీస్తే పాత పువ్వే వస్తుంది. ఈ కొమ్మ చిగుళ్లే తుంచి నాటాలి" అన్నారు.

మా పక్క తాతల కాలం నుంచి చామంతి అంటే మొదలు దగ్గర పిలక తీసి నాటడమే. చిగురు నాటడం ఎవరెరుగుదురు? నాకే నమ్మకం కలగలేదు. తులసమ్మ పదకొండు చిగుళ్లు తడి ఇసుకలో పెట్టి, గోనెపట్ట కప్పి కాపాడింది. ఏడు బతికితే తన తోటలో నాటింది. మరుసటి పుష్యంలో ఏడూ మంచుకు నిలిచాయి. రైతులు అడిగితే ఇవ్వమని మేడమే చెప్పారు.

పిలక అడిగితే లేదనకూడదు. మా పక్క అది కట్టుబాటు. ఆ సంగతి తెలిసే మదనపల్లె నర్సరీ వరదరాజులు వచ్చాడు. నేరుగా పేలిక కట్టిన తల్లిమొక్క దగ్గరికి పోయాడు. మొదలు తవ్వొద్దు, నెల ఆగితే కొమ్మ చిగుళ్లు ఇస్తానని తులసమ్మ చెప్పింది. నేను అక్కడే ఉన్నాను.

"ముప్పై ఏండ్ల నుంచి నర్సరీ పెట్టుకోనుండాను. పిలక యాడ తీయాల్నో నువ్వు నేర్పిస్తావా తల్లీ" అని నవ్వి, తనే తవ్వి గోనెసంచిలో వేసుకుపోయాడు.

రెండేళ్లు వాటిని నర్సరీ కప్పు కింద మంచు తగలకుండా పెంచి, చలికి మాడని చామంతి అని ఊరూరా అమ్మాడు. పోయిన పుష్యంలో అన్నీ మాడాయి. రైతులు మీద పడితే, తులసమ్మ ఇచ్చిన పిలకలే, ఆమె చేసిన మోసమే అన్నాడు. నోరెలా వచ్చిందో!

కుప్పం పక్క రైతు ముద్దుకృష్ణ ఎకరా పెట్టి పోగొట్టుకున్నాడు. పుంగనూరు పూల మార్కెట్లో తులసమ్మ ముందు మాడిన పూలగంప బోర్లించాడు. ఇరవై ఏళ్లుగా ఆమె పూలు తీసుకున్న మండీ మనిషి ఆమె గంపను కాలితో పక్కకు తోశాడు. ఆ పొద్దు ఆమె పూలు ఒక్కరూ ముట్టలేదు. ఇక ఎప్పటికీ ముట్టరన్నది అందరి ముఖాల్లో కనబడింది.

"అప్పా, నా తోటకు రా. సూసినాక తిట్టు" అంది ముద్దుకృష్ణతో. నేను వరదరాజులుకు ఫోన్ చేసి, నువ్వు రాకుంటే మేమే మదనపల్లెకు వస్తామన్నాను. వచ్చాడు.

తులసమ్మ తోటలో చిగుళ్ల నుంచి పెంచిన మూడు సాళ్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. పక్కనే తల్లిమొక్క మొదలు దగ్గర తీసిన పిలకలతో పెట్టిన ఒక సాలు. తేడా చూడాలని మేడం పెట్టించింది. అది మాడిపోయి ఉంది. ముద్దుకృష్ణ తన పువ్వు తీసి ఆ మాడిన సాలు పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే.

"వరదరాజులన్నా, ఆ పొద్దు నువ్వు యాడ తవ్వినావు?"

"యాడ తవ్వుతారమ్మా, మొదట్లోనే."

"నేనేం సెప్పినాను?"

ఆయన నా వైపు చూశాడు. ఆ పొద్దు నేనూ అక్కడే ఉన్నానని ఆయనకు తెలుసు. చివరికి, "కొమ్మ చిగురు అన్నావు" అన్నాడు.

"ఆమె మాట నువ్వు ఇనుంటే నా ఎకరా నిలబడేది గదయ్యా" అన్నాడు ముద్దుకృష్ణ.

ఆ మూడు సాళ్లలో మొక్క మొత్తం ఆ కొమ్మ నుంచి వచ్చిందే కాబట్టి వీటికి పిలకైనా పనికొస్తుందని చెప్పి, తులసమ్మ వచ్చిన వాళ్లందరికీ తీసి ఇచ్చింది. వరదరాజులు కూడా చేయి చాపాడు. నేనైతే ఆ చేతిలో మట్టి కూడా పెట్టేవాణ్ణి కాదు.

"లేదనను అన్నా. రేపు పొద్దున మార్కెట్లో, నా గంప తోసిన కాడ నిలబడి, ఇప్పుడన్న మాట సెప్పు. ఆడనే ఇస్తాను" అంది.

మరునాడు ఏడు గంటలకు వచ్చాడు. కొమ్మ చిగురు తీయమని తులసమ్మ చెప్పింది, నేనే వినలేదు అన్నాడు. ముందు నిలబడ్డ వాళ్లకే వినపడింది.

"ఎనక ఉండేటోళ్లకు ఇనపడలా అన్నా. ఇంగోసారి సెప్పు" అంది తులసమ్మ, పిలకల సంచి చేతిలో పట్టుకునే.

ఆయన మళ్లీ చెప్పాడు.