అండాలమ్మ నీళ్ల గ్లాసు

మా సరూర్‌నగర్ కాలనీలో అండాలమ్మకు నోటి దురుసు ఎక్కువంటారు. ఉంటే ఏం? నల్గొండ పల్లెలో ఫ్లోరైడు నీళ్లకు వంకర్లు పోయిన తండ్రి కాళ్లను చూస్తూ పెరిగిన మనిషి. నీళ్లంటే ఆమెకు చిన్నప్పటి నుంచి భయం. అందుకే నగరానికి వచ్చాక బోరు నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు పెట్టుకుని, క్యాన్లలో అమ్ముతుంది. ఆమె బతుకూ పరువూ ఆ ప్లాంటే.

ఆ పరువు మీద బురద చల్లింది మా పక్కింటి శేషారత్నం. భర్త సాంబమూర్తికి అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే డాక్టరు మూత్రపరీక్ష రాశాడు. ఆర్సెనిక్ అనే విషం ఎక్కువ వచ్చింది. చేపలు, రొయ్యలు ఏమైనా తిన్నారా అని అడిగితే శేషారత్నం చెంపలేసుకుంది.

"కార్తీకమాసమండీ! మా ఇంట్లో నీచు ముట్టం."

ఇల్లు చేరేలోపే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది, తాము తాగేది అండాలమ్మ నీళ్లే కాబట్టి విషం వాటిలోనే ఉందని. ఒక్క మాట ఆమెను అడగొద్దూ? మర్నాడు ప్లాంటు వెలవెలబోయింది. ఒకరిద్దరు వచ్చినా క్యాను పట్టుకుని, "ముందు నువ్వు తాగి చూపించు" అన్నారు. చదువుకున్నవాళ్లే! నాకు ఒళ్లు మండిపోయింది.

"గీ నీళ్లే నా మన్మరాలికి తాపిస్తున్న. విషమైతే ముందుగాల మేమే సావాలె గద!" అంటూనే అండాలమ్మ ప్రతివాళ్ల ముందూ గ్లాసు ఎత్తి తాగింది.

ఈలోగా డాక్టరు అదే నమూనాలో ఏ రకం ఆర్సెనిక్ ఎంత ఉందో విడదీసే పరీక్ష చేయించాడు. ఫలితం వచ్చిన రోజు శేషారత్నం దంపతులతో నేనూ వెళ్లాను.

"ఆర్సెనిక్ అంతా ఒకటి కాదమ్మా. నీళ్లలో ఉండే రకం కణాల్లోకి దూరి, అక్కడి ప్రొటీన్లకు అతుక్కుని వాటి పని ఆపేస్తుంది. అది ప్రమాదం. సముద్రపు చేపల్లో, రొయ్యల్లో ఎక్కువగా ఉండేది వేరే రకం. కణాలకు దాదాపు హాని చేయదు, మూత్రంలో పోతుంది. మొదటి పరీక్ష రెండింటినీ కలిపి చూపించింది. మీవారిలో ఉన్నదంతా రొయ్యల రకమే. ఆ తిమ్మిర్లు షుగరువి. కార్తీకం ఎప్పుడు మొదలైంది?"

"మీరు నమూనా తీసుకున్న రోజునేనండి" అంది శేషారత్నం, గొంతు తగ్గించి.

సాంబమూర్తి తల గోక్కున్నాడు. "ఇక నెలంతా పెట్టదు కదాని, కాకినాడ నుంచి తెప్పించిన రొయ్యలు ముందురోజు వరకూ లాగించానండి."

అండాలమ్మ చేయించిన ప్లాంటు నీళ్ల పరీక్షలోనూ ఏ దోషమూ లేదు. అయినా శేషారత్నం గ్రూపులో పెట్టిన మాట వెనక్కి తీసుకోలేదు. వారం తిరక్కుండా ఖాళీ క్యానుతో ప్లాంటు దగ్గరికి వచ్చింది. నలుగురూ ఉన్నారు. అందరిలాగే తనూ, అండాలమ్మ ఎప్పుడు తాగి చూపిస్తుందా అని చూస్తూ నిలబడింది!

అండాలమ్మ గ్లాసు నిండా పట్టి ఆమె చేతిలో పెట్టింది.

"ఇయ్యాల నువ్వు తాగు రత్నమ్మా. అందరు సూస్తుండంగ."

శేషారత్నం చుట్టూ చూసింది. ఎవరూ కదల్లేదు. గ్లాసు అడుగంటేదాకా తాగింది. అప్పుడుగానీ అండాలమ్మ క్యాను అందుకోలేదు.