రాలేదు అన్న మాట

సుధారాణి ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. సముద్రపుటొడ్డున యారాడలో పుట్టి, తల్లి గురువమ్మ చేపల గంప పక్కన పెరిగిన పిల్ల మరి. తక్కెడ పట్టినవాడి నవ్వు కాదు, వేళ్ళు చూడమని నేర్పింది ఆ తల్లి. అందుకే 2007లో మద్దిలపాలెం కంప్యూటర్ సెంటర్లో ఐజాక్ సార్ ఎంవీసీ పాఠం మొదలుపెట్టిన రోజునే ఆమెకి అనుమానం పట్టుకుంది.

ఆయన చెప్పింది తేలికే. వెబ్ అప్లికేషన్‌ని మూడు భాగాలుగా కట్టాలి. వివరాలు భద్రంగా ఉంచేది మోడల్, వాటిని తెర మీద చూపించేది వ్యూ, అడిగినవాడి మాట విని మోడల్ దగ్గర్నుంచి తెచ్చి వ్యూకి అందించేది కంట్రోలర్. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. క్లాసంతా తలాడించింది. మధ్యలో ఈ మూడోవాడు దేనికి, రేవులో దళారీలాగ, అనుకుంది సుధారాణి.

పాఠం అయ్యాక పని ఇచ్చారు. రేవులో ఒక బోట్ల సంఘానికి పేజీ కట్టాలి. ఏ బోటు వేటకి వెళ్ళిందో, ఏది తిరిగొచ్చిందో సంఘం గుమాస్తా నీలకంఠం ఎక్కిస్తాడు. గాలి లేచిన రోజు తెర చూసి, రాని బోటుంటే వెతకడానికి మనుషుల్ని పంపుతాడు. మోడల్, కంట్రోలర్ రోజలిన్ రాయాలి, వ్యూ సుధారాణి రాయాలి. ఇద్దరిలో ఎవరి పని బాగుంటే వాళ్ళకి సార్ స్నేహితుడి కంపెనీలో ఉద్యోగం.

రోజలిన్ నర్సు గారమ్మాయి. మాట పొదుపు. మాట్లాడని మనిషంటే సుధారాణికి మరీ గుబులు. తన పని చెడగొట్టి ఉద్యోగం కొట్టేస్తుందేమోనని, ఆ పిల్ల భోజనానికి లేవగానే ఆమె ఫైళ్ళు తెరిచి వరస వరసా చదివేది. ఒక్క తప్పు దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం ఇంకా ముదిరింది.

ఇంత జాగ్రత్త మనిషి ఒకచోట మాత్రం చేతులెత్తేసింది. వేటలో ఉన్న బోటు గడువు దాటినా రాకపోతే తెర మీద ‘రాలేదు’ అని పడాలి. ఆ మాట టైపు కొట్టడానికి ఆమెకి చెయ్యి ఆడలేదు. వాళ్ళింట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. సముద్రం మీద ఉన్నవాణ్ణి రాలేదని నోటితో అనరు. ఎలాగూ వచ్చేవే కదా, తర్వాత చూద్దామని అక్కడ ‘వచ్చింది’ అని కొట్టేసి మరిచిపోయింది. పేజీ రేవులో పనిలోకి వచ్చాక నెల రోజులు బోట్లన్నీ వేళకే వచ్చాయి.

అక్టోబరులో ఒక ఉదయం గాలి తిరగబడింది. మధ్యాహ్నం సెంటర్‌కి గురువమ్మ ఫోను చేసింది. “మీ అయ్య ఇంకా సంద్రం మీదే ఉన్నాడే” అంది, రాలేదన్న మాట మాత్రం అనకుండా.

సుధారాణి పేజీ తెరిచింది. తెల్లారకముందే రావాల్సిన తండ్రి పైడయ్య బోటు ఎదురుగా ‘వచ్చింది’ అని ఉంది. రేవుకి ఫోను చేస్తే నీలకంఠం అదే చెప్పాడు. గాలి లేవగానే తెర చూశాడట, అన్నీ వచ్చేసినట్టుందట. ఎవర్నీ పంపలేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నేరుగా రోజలిన్ మీదికి వెళ్ళింది. “ఏటి సేసావు ఇందులో? మా అయ్య బోటు వచ్చినట్టు నువ్వే రాసావు.”

రోజలిన్ తన తెర ఆమె వైపు తిప్పింది. “నాను ఏటీ రాయనేదు, సుధా. తెరిసి సూడు.”

ఐజాక్ సార్ వచ్చి మోడల్ తెరిచారు. పైడయ్య బోటు వరసలో, వచ్చిన వేళ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. కంట్రోలర్ ఆ ఖాళీని ఖాళీగానే అందించింది. అప్పుడు సార్ వ్యూ తెరిచారు. గడువు దాటి గడి ఖాళీగా ఉంటే ‘వచ్చింది’ అని చూపించే వరస అందులో ఉంది. ఆ వరస ఎవరు రాశారని ఆయన అడగలేదు. సుధారాణి రోజలిన్ ఫైళ్ళు ఇరవైసార్లు చదివింది గానీ, తన ఫైలు ఒక్కసారీ తిరగెయ్యలేదు.

మార్చడానికి సార్ చెయ్యి చాచారు. “నాను రాత్తాను సార్” అని కీబోర్డు తన ముందుకి లాక్కుంది. ఆ వరసలో ‘వచ్చింది’ చెరిపి, కన్నతండ్రి పేరుకి ఎదురుగా పడేలా ఆ మాట తన చేత్తోనే కొట్టింది. రేవులో తెర మారింది. నీలకంఠం అప్పటికప్పుడు రెండు బోట్లు పంపించాడు.

ఉద్యోగం రోజలిన్‌కే వచ్చింది, ఇవ్వమని సార్‌కి చెప్పింది సుధారాణే. ఆ సంగతి వారం తర్వాతది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి, ఇంజను చచ్చి భీమిలి వైపు కొట్టుకుపోయిన బోటుని తాడు కట్టి లాక్కొచ్చారు. పైడయ్య దిగాడు. గట్టు మీద ఎవరో సంగతి చెప్పగానే ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

“నా పేరెదర రానేదని రాసిందెవుళ్ళే?” అని పెళ్ళాన్ని అడిగాడు.

గురువమ్మ తడి తువ్వాలు ఆయన భుజం మీంచి తీసి పిండింది. “నీ కూతురే. అది రాయబట్టే ఎతికారు.”